నాలుగు ఇటుకలు

పుష్యమాసం. జొన్నాడ దాటాక
గౌతమి గట్టు దిగి వ్యాను ఆపాను.
తాళం తిప్పగానే ఇంజను
దగ్గి, వణికి, ఊరుకుంది.
ఆ వెంటే ఇనుము చల్లారుతున్న చప్పుడు
టిక్కు... టిక్కు...
ఉన్న వేడిని లెక్కపెట్టి అప్పజెప్పుతున్నట్టు.

ఒకప్పుడు బడిపిల్లల్ని మోసిన వ్యాను ఇది.
ఇప్పుడు వెనకాల సీట్లు లేవు.
ఓ పక్క విప్పిన కుట్టుమిషన్లు, నూనె డబ్బా, బాబిన్ల పెట్టె,
ఓ పక్క చెక్కబల్ల, దానిమీద మేమిద్దరం.
లంకల్లో ఏ ఊరి మిషను మొరాయిస్తే
ఆ వారానికి అదే మా ఊరు.

పగలు చలి కనిపించదు.
రాత్రి రెండింటికి ఏటి మీంచి లేస్తుంది,
అరటితోటలో కాసేపు కూర్చుంటుంది,
తర్వాత వచ్చి రేకు మీద చెయ్యేస్తుంది.
రేకుకి సిగ్గు లేదు, అడగ్గానే లోపలికి రానిస్తుంది.
పైకప్పుకి చెమట పట్టి
సత్తివేణి నుదుటి మీద ఒక్కో చుక్క.

"ఇంజను ఆపకుండా పడుకోండి, వెచ్చగా ఉంటదండి"
అన్నాడు రావులపాలెంలో డీజిలు కొట్టే కుర్రాడు.
అమ్మేవాడికేం.
ఈ ఛాతీలో పిల్లికూతలు వాడు వినలేదు.

కుంపటి పెట్టుకోమన్నారు ఇంకొకరు.
కుంపటి అంటే నాకు ఏసుబాబు గుర్తొస్తాడు.
కొబ్బరి లోడుతో బయల్దేరి, దారిలో
క్యాబిను అద్దాలు బిగించి, బొగ్గులు రాజేసుకుని పడుకున్నాడు.
తెల్లారి తలుపు తీస్తే
కాళ్లింకా వెచ్చగానే ఉన్నాయట.
చలికి పోలేదు వాడు.
వెచ్చగా పోయాడు.

అందుకే అద్దం రెండు వేళ్ల సందు తెరిచే ఉంచుతాను.
ఆ సందులోంచి మంచు దొంగలా రాదు,
అద్దె కట్టినవాడిలా వస్తుంది.

గోనెలు పరిచి చూశాం. రేకుకి అట్టలు కట్టి
మధ్యలో కొబ్బరిపీచు కుక్కి చూశాం.
వేణ్ణీళ్ల సీసా పాదాల దగ్గర పెట్టుకుంటే
అర్ధరాత్రికి అది చచ్చిన చేప.

ఆ రాత్రి గట్టు కింద ఇటుకబట్టీ కనిపించింది.
మంట లేదు. ఊక లోలోపల కాలుతోంది,
పైకి ఒక్క ఎర్రగీత తప్ప ఏమీ చెప్పకుండా.
కాపలా మనిషి తవిటయ్య, సికాకుళం వైపు.
టార్చి నా మొహం మీద వేశాడు, వ్యాను మీద వేశాడు,
లోపలి దగ్గు విని ఆర్పేశాడు.
"రాయి వేడికి పొగ నేదు, గిగ నేదు. అట్టుకుపో బావూ."

నాలుగు ఇటుకలు. పారతో లాగి
నీళ్లు చిలకరించి, సుర్రుమనడం ఆగేదాకా ఆగి
గోనెలో చుట్టాడు.
పురిటింట్లోంచి వస్తున్న మంత్రసానిలా
అడుగులో అడుగేస్తూ గట్టెక్కాను.

రెండు పాదాల దగ్గర. ఒకటి ఆమె నడుం దగ్గర.
ఒకటి మా మధ్య.
మా మధ్య ఏదైనా వెచ్చగా ఉండి చాలా రోజులైంది.
ఆ మాట ఎవరం అన్నామో గుర్తులేదు, నవ్వింది మాత్రం ఇద్దరం.
కాలిన ఊక వాసన, తడిగోనె వాసన, మిషను నూనె వాసన.
పిల్లికూతలు సన్నబడ్డాయి.
వింటూ వింటూ
నేనే ముందు నిద్రపోయాను.

పొద్దున్నే ఇటుకలు తిరిగిచ్చాను.
తవిటయ్య పేర్చి లెక్కపెట్టాడు. మూడు.
నా వంక చూశాడు.
నేను వ్యాను వంక చూశాను.
"మూడే గదేటి ఇచ్చినాను" అన్నాడు
పార భుజాన వేసుకుంటూ.

నాలుగోది ఇప్పటికీ మా బల్ల కింద ఉంది.
ఏ ఊళ్లో ఏ టీకొట్టు పొయ్యి ఆరబోతుంటే
ఆ నిప్పుల పక్కన కాసేపు కూర్చోబెట్టి తెచ్చుకుంటాం.
ఓ మూల విరిగింది.
సత్తివేణి దానికి పాతచీర మడతపెట్టి గలీబు కుట్టింది,
నేను బాగుచేసి ఇంకా తిరిగివ్వని
ఎవరిదో మిషను మీద.